గల్లీ దాటనివ్వని ఉస్తాద్

మొన్న మంగళవారం పొద్దున మా ఉస్తాద్ పోయాడు. కబురు అందేసరికి నేనొక కారు కింద వెల్లకిలా పడుకొని ఉన్నాను. ఆయన అల్లుడు ఫోన్ చేసి, "అన్నా, మామ ఇగ లేడు. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక తీస్కపోతం, జల్ది రా" అన్నాడు. ఫోన్ పెట్టేసి, బిగిస్తున్న నట్టు పూర్తిగా బిగించి, ఒకసారి లాగి చూసుకొని అప్పుడు బయటికి వచ్చాను. సగంలో వదిలేసి పరిగెత్తి ఉంటే ఆయన శవం కూడా లేచి నన్ను తిట్టేది.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. ఆ సాయంత్రం సనత్‌నగర్‌లో ఆయన ఇంటి ముందు చేరినవాళ్లంతా మంచి మనిషి, మెత్తని మనిషి అని చెప్పుకున్నారు. మెత్తని మనిషి అన్నవాళ్లలో ఒకడి మీదికి ఆయన జాకీ రాడ్డు ఎత్తడం నేను కళ్లారా చూశాను. ఆయన మెత్తనివాడు కాదు. నాకు అన్నం పెట్టే విద్య నేర్పాడు, నేర్పినన్నాళ్లూ నన్ను కాల్చుకు తిన్నాడు. నేను దానికి బదులు తీర్చుకున్నాను, ఆయన కొట్టినదానికంటే గట్టిగా. ఇది చెప్పకుండా ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అది దొంగ ఏడుపు అవుతుంది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే దారిలో, కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న బిల్డింగుల వెనక ఒక గల్లీలో ఆయన షెడ్డు. రెండు కార్లు పడితే మూడోది బయటే. బోర్డు మీద 'స్టీరింగ్ పని మాత్రమే' అని ఉండేది. ఇంజన్ బాగోలేదని ఎవరైనా వస్తే ముఖం కూడా చూసేవాడు కాదు. "ఇంజన్ ఆగితే బండి ఆగుతది. స్టీరింగ్ పోతే బండి ఆగది, మనిషి ఆగుతడు" అనేవాడు.

ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉంది. బండి ఏం చప్పుడు చేస్తోందో యజమాని నోటితో చేసి చూపించాలి. 'ఏదో శబ్దం వస్తోందండీ' అంటే కుదరదు. సూటు వేసుకున్నవాడైనా, మెడలో స్టెతస్కోపుతో వచ్చిన డాక్టరైనా నడి గల్లీలో నిలబడి 'కట్ కట్' అనో 'గుయ్' అనో అనాల్సిందే. ఒకసారి అంటే వదిలేవాడు కాదు. "ఇంక జర గట్టిగ, సార్. బండి గట్లనే అంటదా? సిగ్గు పడకుండ్రి" అని మూడుసార్లు అనిపించేవాడు. చుట్టూ క్యాబ్ డ్రైవర్లు నవ్వుతుండేవాళ్లు. నాకైతే అది సగం పరీక్ష, సగం పగ అనిపించేది. కానీ ఆ నోటి చప్పుడుతోనే ఆయనకు సగం రోగం తెలిసిపోయేది. పూర్తిగా తిప్పినప్పుడు 'గుయ్' అంటే స్టీరింగ్ ఆయిల్ తగ్గింది. మలుపులో 'టకటకటక' అంటే ముందు చక్రాన్ని తిప్పే యాక్సిల్ జాయింట్. గుంతలో పడ్డప్పుడు ఒక్క 'కటక్' అంటే కింద ఎక్కడో రబ్బరు బుష్ అరిగింది.

నేను ఆయనకు దొరికింది కూడా ఆ చప్పుడుతోనే. మాది సిరిసిల్ల. మా నాయన సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. నలభై సాంచాలు ఒక్కసారిగా మోగుతుంటే అందులో ఏది తేడాగా మోగుతుందో పక్క గదిలో కూర్చొని చెప్పేవాడు. నన్ను మాత్రం సాంచాల దగ్గరికి రానివ్వకుండా సాఫ్ట్‌వేర్ నేర్చుకోమని అమీర్‌పేటకు పంపాడు. టెస్టింగ్ కోర్సు రెండుసార్లు చేశాను. ఉద్యోగం రాలేదు. ఇరవై నాలుగేళ్లకు ఎవరిదో కారుకు డ్రైవరుగా కుదిరాను. ఆ కారు ముందు నుంచి చప్పుడు వస్తే ఈ షెడ్డుకు తీసుకొచ్చి, ఆయన అడగ్గానే చేసి చూపించాను. చిన్న 'టిక్', ఒక ఊపిరంత ఖాళీ, మళ్లీ పెద్ద 'టక్'.

ఆయన చేతిలో పాన పక్కన పెట్టి నా వైపు చూశాడు. "ఏం చదివినవ్?"

"కంప్యూటర్."

"పోయింది నీ జిందగీ. రేపటి సంది ఈడికి రా."

ఆ రోజు నుంచి నా పేరు కంపూటర్. మా అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయన తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా పలకలేదు.

ఏదీ చెప్పి నేర్పేవాడు కాదు. నన్ను కారు కింద పడుకోబెట్టి, ఒక్కో జాయింటు మీద వేలు పెట్టించి, పైన తను స్టీరింగ్ అటూ ఇటూ ఊపేవాడు. ఏది అరిగిందో వేలితో కనిపెట్టి చెప్పాలి. తప్పు చెప్తే ఊపడం ఆపేసి చాయ్ తాగడానికి పోయేవాడు. మళ్లీ వచ్చేదాకా నేను ఆ కిందే ఉండాలి. మే నెల ఎండలో ఒకసారి గంటన్నర ఉన్నాను. పైకి వచ్చాక కస్టమర్‌ను పిలిచి అందరి ముందూ చెప్పాడు: "గీయన చదువుకున్నోడు సార్. బండి గింత మొత్తుకున్న గీయన చెవుల పడది. మీ బండి గీయన చేతిల పెట్టకుండ్రి, పానం మీదికొస్తది."

కానీ చేతుల విషయంలో మాత్రం ఓపిక ఉండేది. చెవి కంటే చేయి ముందు అనేవాడు. టెస్టుకు పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కించేవాడు. ఆ ఫ్లైఓవర్ మీద కొంత దూరానికొకటి చొప్పున అడ్డంగా ఇనుప అతుకులు ఉంటాయి. మామూలు జనానికి అవి కుదుపులు, ఆయనకు నాడి. ఒక్కో అతుకు దాటినప్పుడు స్టీరింగ్ చేతిలో ఏం అంటుందో వినమనేవాడు. దిగి బేగంపేట రోడ్డు ఎక్కాక వేగం పెంచమనేవాడు. ఒక వేగం దాటాకే వణికితే చక్రం బరువు సరిగ్గా లేదు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే బ్రేకు డిస్కు వంగింది. నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటే వేళ్ల మీద ఒక్కటిచ్చేవాడు. "గట్టిగ పడితే నీ నాడి నీకే ఇనిపిస్తది. కోడిగుడ్డు పట్టినట్టు పట్టు."

ఇక ఆయన పెద్ద చట్టం ఒకటుంది. స్టీరింగులో తేడా ఉందని తెలిశాక బండి గల్లీ దాటకూడదు. ఇంటికి పోయి రేపు వస్తాననేది లేదు, ఒక్క మలుపే కదా అనేది లేదు. ఒక క్యాబ్ డ్రైవర్ అలాగే వచ్చి, చప్పుడు చేసి చూపించి, రోగం తెలుసుకొని, సాయంత్రం వస్తానని బయలుదేరబోయాడు. ఉస్తాద్ తాళం లాక్కొని జేబులో వేసుకొని అన్నం డబ్బా విప్పాడు. ఆ మనిషి బతిమాలాడు. ఎయిర్‌పోర్టు ట్రిప్పు పోతే కంపెనీ బండి ఆపేస్తుందని ఏడ్చాడు కూడా. ఉస్తాద్ ముద్ద మీద ముద్ద పెట్టుకుంటూ అతని ఏడుపు చూస్తూ తిన్నాడు. చేయి కడుక్కొని చక్రం విప్పితే బాల్ జాయింట్ పళ్లూడినట్టు చేతిలోకి వచ్చింది. దాన్ని ఆ డ్రైవర్ ఒళ్లోకి విసిరాడు. "ఎయిర్‌పోర్టుకు గిది తీస్కపో." ఆ మనిషికి థాంక్స్ చెప్పాలో తిట్టాలో తెలియలేదు. నాకూ ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ అదే పరిస్థితి.

ఏడెనిమిదేళ్లు గడిచేసరికి ఆయన చెవులు మందగించాయి. ఆయన దాన్ని లెక్క చేయలేదు. "చెవులు ముసలివైనయి, చేతులు ఇంక జవాన్ ఉన్నయి" అని నవ్వేవాడు. అప్పటికి షెడ్డుకు వచ్చినవాళ్లు నోటి చప్పుడు నాకే చేసి చూపించేవాళ్లు. ఆయన చేతులతో చూసేవాడు.

అప్పుడు మొదలైంది. బాగైన బళ్లు కూడా వణుకుతున్నాయని ఆయన అనడం మొదలుపెట్టాడు. చక్రాల బరువు సరిచేసిన బండికి మళ్లీ సరిచేయమనేవాడు. కొత్త జాయింట్ తీసి ఇంకో కొత్త జాయింట్ వేయమనేవాడు. టెస్టుకు పోయినప్పుడు నేను పట్టుకుంటే స్టీరింగ్ నీళ్లలా నిశ్చలంగా ఉండేది. ఆయన పట్టుకోగానే, "ఇగో, వస్తున్నది, చూస్తలేవా?" అనేవాడు. మొదట్లో నా చేతుల మీదే నాకు అనుమానం వచ్చింది. తొమ్మిదేళ్లుగా తప్పు నాదేనని వింటున్నవాణ్ణి కదా.

ఒకరోజు చాయ్ బండి దగ్గర ఆయన గ్లాసులో సగమే పోయించుకోవడం చూశాను. ఆ సగం కూడా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ సగం కూడా అంచుల దాకా ఊగుతోంది. అప్పుడు అర్థమైంది. వణుకు బళ్లలో లేదు.

నేను చెప్పలేదు. భయపడి అని రాస్తే బాగుంటుంది, కానీ అది నిజం కాదు. ఆ రోజుల్లో కస్టమర్లు వచ్చి, "అన్నా, ఉస్తాద్ వద్దు, నువ్వే చూడు" అని నా చెవిలో చెప్పిపోయేవాళ్లు. అది నాకు తియ్యగా ఉండేది. ఆయన పొరపాటు చేసిన ప్రతిసారీ నేను ఒక మెట్టు ఎక్కేవాణ్ణి. ఆయన మంచి పార్టులు తీసి చెత్తలో వేస్తుంటే పానలు అందిస్తూ నిలబడ్డాను. అలా నాలుగు నెలలు.

ఆఖరికి రిటైరైన బ్యాంకు ఆఫీసరొకరు వచ్చారు. భీమవరం వైపు మనిషి. చిన్న రబ్బరు బుష్ మార్చాం, చప్పుడు పోయింది. కానీ ఉస్తాద్ స్టీరింగ్ పట్టుకొని ఇంకా వణుకుతుందన్నాడు. తాళం జేబులో వేసుకున్నాడు. అప్పటికి అది నాలుగో రోజు.

"ఏంటండీ ఇది? మా ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రోజూ ఆటోలు ఎక్కించి తిప్పుతున్నాను. బండి బాగానే ఉంది కదా, ఇచ్చేయండి" అన్నారు ఆయన.

"బాగలేదు సార్. నా పానం పోయిన ఇయ్య. ఇయ్యాల మొత్తం స్టీరింగ్ ర్యాక్ విప్పుత."

ఆఫీసరు నా వైపు తిరిగారు. "బాబూ, నువ్వైనా చెప్పవయ్యా."

ఉస్తాద్‌ను పక్కకు తీసుకెళ్లి మెల్లగా చెప్పే దారి ఉంది. ఆయన ఇంటికి పోయి, భార్య ముందు చెప్పే దారి ఉంది. కానీ గల్లీలో అప్పటికి పదిమంది పోగయ్యారు. నా తప్పులన్నీ తొమ్మిదేళ్లు అలాంటి పదిమంది ముందే చాటాడు కదా, ఇప్పుడు నా వంతు అనుకున్నాను.

"ఉస్తాద్, ఒక్కసారి మీరే పట్టి చెప్పండి, ఎక్కడి నుంచి వస్తుందో" అన్నాను. ఆయన సీట్లో కూర్చున్నాడు. నేను పక్క సీట్లో కూర్చొని ఇంజన్ స్టార్ట్ చేయించాను. కరెంటు పోయి ఉంది, పక్కన చీరల దుకాణం జనరేటర్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. కళ్లు మూసుకోమన్నాను. అది ఆయన నాకు నేర్పిన పద్ధతే. ఆయన కళ్లు మూసుకొని, కోడిగుడ్డు పట్టినట్టు స్టీరింగ్ పట్టుకున్నాడు.

"వస్తుందా?"

"వస్తున్నది."

నేను చేయి చాచి ఇంజన్ ఆపేశాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడు సుత వస్తున్నది. జర ఎక్కువనే. ఎడమ పక్కకెల్లి." ఆయన ముఖంలో ఎంత నమ్మకమో. "నీకు ఇంక సమజ్ అయితలేదారా కంపూటర్?"

తాళం ఊడబీకి ఆయన ముఖం ముందు పెట్టాను. "కండ్లు తెరువు ఉస్తాద్" అన్నాను. అప్పటిదాకా ఆయనను ఎప్పుడూ మీరు అనే అన్నాను. "బండి ఆపి ఉన్నది. వణుకు నీ చేతులది."

ఇద్దరు డ్రైవర్లు పగలబడి నవ్వారు. బ్యాంకు ఆఫీసరు తల తిప్పుకున్నారు. ఉస్తాద్ తాళాన్ని చూశాడు, తన చేతుల్ని చూశాడు. స్టీరింగ్ మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒళ్లో కూడా అవి ఆగలేదు.

"ఎన్ని దినాలాయె నీకు తెల్సి?"

అబద్ధం చెప్పవలసింది. "నాలుగు నెలలు" అన్నాను.

తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. రెండింటికీ సిద్ధంగా ఉన్నాను. ఆయన దిగి, నా చేతిలోంచి తాళం తీసుకొని ఆఫీసరుకు ఇచ్చాడు. "తీస్కపోండ్రి సార్. బండి మంచిగనే ఉన్నది. మెకానిక్ ఖరాబైండు." తరువాత నా దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "తెల్సినంక సుత నాలుగు నెలలు నన్ను రోడ్డు మీద తిప్పినవ్. గల్లీ దాటనిచ్చినవ్." సర్ఫుతో చేతులు కడుక్కున్నాడు. ఖాకీ చొక్కా మేకుకు తగిలించి, తెల్ల చొక్కా వేసుకొని వెళ్లిపోయాడు. ఆ షెడ్డులో మళ్లీ అడుగు పెట్టలేదు. వారం తరువాత షెడ్డు నన్నే నడుపుకోమని అల్లుడితో కబురు పంపాడు. తిట్టి తరిమేసి ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు.

ఇప్పటికీ నేను దాంతోనే బతుకుతున్నాను. నా పెళ్లి, నా పిల్ల చదువు అన్నీ ఆ షెడ్డులోంచే. ఆ తరువాతి రెండేళ్లలో సనత్‌నగర్‌లో ఆయన ఇంటికి చాలాసార్లు వెళ్లాను. ఖాలా, అంటే ఆయన భార్య, చాయ్ ఇచ్చేది. ఆయన మంచం మీద కూర్చొని సిటీ గురించి, మెట్రో గురించి, నా కూతురి గురించి మాట్లాడేవాడు. మాఫ్ చేయమని నేను నోరు తెరవగానే తువ్వాలు ముఖం మీద కప్పుకొని పడుకునేవాడు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ తువ్వాలే. ఆయన నోటి నుంచి ఆ ఒక్క మాట రావాలన్నదే నాకు మిగిలిన కోరిక. డాక్టర్లు ఆ వణుకుకు మందులిచ్చారు. పెద్దగా గుణం కనిపించలేదు. ఖాలానే అన్నం కలిపి నోట్లో పెట్టేది.

రెండు నెలల కింద ఒక ఆదివారం పొద్దున ఖాలా ఫోన్ చేసింది. "మీ ఉస్తాద్ నిన్ను రమ్మంటుండు బేటా. కారుల తిప్పమంటుండు. ఫ్లైఓవర్ మీదికి."

ఆ ఫోన్ పట్టుకొని ఏడ్చాను. మాఫ్ చేశాడని అనుకున్నాను. కారు కడిగాను, సీట్లు తుడిచాను. సనత్‌నగర్ వెళ్లి ఆయన్ను చేయి పట్టుకొని తీసుకొచ్చి ఎడమ సీట్లో కూర్చోబెట్టాను. బెల్టు నేనే పెట్టాను. వద్దనలేదు. అమీర్‌పేట దాటుతుంటే బోర్డులు చూస్తూ, "ఇంక నేర్పుతున్నరా కంపూటర్లు?" అన్నాడు. నవ్వాడు కూడా. చెప్పులు విడిచి ఉత్తి పాదాలు కారు నేల మీద ఆనించాడు. ఏదో అలవాటు అనుకున్నాను. ఆయన చెవులు దాదాపు పోయాయి, చేతులు పోయాయి. కాళ్లు ఇంకా వణకడం లేదని నాకు తట్టలేదు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కాం. మలుపులో స్టీరింగ్ తిప్పాను. అతుకు దాటింది. ఇంకో అతుకు దాటింది.

"ఆపు."

పక్కకు తీసి ఆపాను.

"నీకు తెల్సా?"

ఆయన అడిగేది ఏమిటో నాకు వెంటనే అర్థమైంది. "చిన్న టిక్ ఉస్తాద్. తిప్పినప్పుడే వస్తది. వారం అయితుంది. షెడ్డుల మంది బండ్ల పనే అయితలేదు, నాది రేపు చూద్దమనుకున్న."

ఆయన బెల్టు తీసుకోబోయాడు. వేళ్లు ఆ బటన్ మీద నిలవలేదు. నేను సాయం చేయబోతే నా చేతిని కొట్టాడు. మళ్లీ మళ్లీ ప్రయత్నించి తనే తీసుకున్నాడు. తలుపు తీసి దిగాడు.

"ఉస్తాద్, షెడ్డు గీడనే ఉన్నది. ఐదు నిమిషాలు. మెల్లగ పోత. కూసోండి" అన్నాను.

"ఐదు నిమిషాలా?" అన్నాడు. నడక మొదలుపెట్టాడు.

తరువాత ఆ కారు విప్పితే స్టీరింగ్ రాడ్డు కింది జాయింట్ బోల్టు మూడు వంతులు ఊడి ఉంది. అప్పటికి మాత్రం నాకు బోల్టు మీద ధ్యాసే లేదు. ఆయన చెప్పులు కార్లోనే ఉండిపోయాయి. అవి పట్టుకొని దిగి వెనక పరిగెత్తాను. ఇవ్వబోయాను. చూశాడు, తీసుకోలేదు. "నువ్వు బండి కాడ ఉండు. ఎవ్వని మీదికన్న పోతది" అన్నాడు. ఆ మాట దాటి అడుగు వేసే ధైర్యం నాకు లేకపోయింది. వెనక బస్సు హారన్ కొడుతోంది. అల్లుడికి ఫోన్ చేసి బేగంపేట వైపు దిగే దగ్గరికి రమ్మన్నాను. ఆయన ఫ్లైఓవర్ గోడ పక్కగా ఉత్తి కాళ్లతో, ఎండెక్కిన రోడ్డు మీద దిగిపోతున్నాడు. చేతులు వెనక్కి పెట్టుకొని, ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్న చేయీ, పట్టుబడ్డ చేయీ రెండూ వణుకుతూనే ఉన్నాయి. నేను చెప్పులు పట్టుకొని నిలబడి ఉన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.